విద్యార్థులు కొత్త మొబైల్ టెక్నాలజీని ఎందుకు పట్టుకుంటారు, ఎందుకు వదిలేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు ముఖ్యంగా మూడు రకాలు. "యూపీఐ వాడకంపై విద్యార్థుల అభిప్రాయం" లాంటి టైటిల్‌తో ఎంబీఏ ప్రాజెక్టు చేసేవాళ్లు ఒకరు. కాలేజీ కోసమో స్టార్టప్ కోసమో యాప్ చేయించి, ఎవరూ వాడటం లేదని తల పట్టుకున్నవాళ్లు ఇంకొకరు. పిల్లల ఫోన్ ఖర్చు భరించే అమ్మానాన్నలు మూడోవాళ్లు. జవాబులు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీలను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

కొత్త మొబైల్ టెక్నాలజీ అంటే కొత్త ఫోనేనా?

కాదు. ఫోన్ అందులో ఒక భాగం. 5జీ, కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే ఈ-సిమ్, యూపీఐ, డిజీలాకర్, వాట్సాప్‌లో వచ్చే హాల్ టికెట్, చదువు యాప్‌లు, ఈమధ్య వచ్చిన ఏఐ చాట్‌బాట్‌లు అన్నీ ఇందులోకే వస్తాయి. అన్నిటికీ ఒకే కారణం వెతికితే దొరకదు. ఫోన్ మార్చాలంటే డబ్బు కావాలి. నోట్స్ యాప్ మార్చాలంటే మనసు పుడితే చాలు. మెసేజింగ్ యాప్ మార్చాలంటే మాత్రం క్లాసంతా కలిసి మారాలి.

అన్నిటికంటే పెద్ద కారణం ఏది?

తోటివాళ్లు. ఇందులో నాకు పెద్దగా అనుమానం లేదు.

ఫస్ట్ ఇయర్‌లో చేరిన వారంలోపే సీఆర్, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్, ఒక వాట్సాప్ గ్రూపు పెడతాడు. టైమ్‌టేబుల్, సెలవు కబురు, ఇంటర్నల్స్ తేదీ, లెక్చరర్ రాలేదన్న శుభవార్త అన్నీ అందులోనే. ఆ గ్రూపులో లేనివాడు క్లాసులో సగమే ఉన్నట్టు. అప్పటిదాకా కీప్యాడ్ ఫోన్‌తో నెట్టుకొచ్చిన పిల్లవాడు ఇంట్లో స్మార్ట్‌ఫోన్ అడగడానికి అసలు కారణం తరచుగా ఇదే. ప్రకటనలు చూసి అడిగాడని పెద్దలు అనుకుంటారు.

తోటివాళ్ల బలం ఎంతో తెలియాలంటే 2021 జనవరిని గుర్తు చేసుకోండి. వాట్సాప్ ప్రైవసీ నిబంధనలు మారుస్తోందని గొడవ మొదలైంది. "సిగ్నల్ వాడండి" అని ఎలాన్ మస్క్ ఇంకో మెసేజింగ్ యాప్ పేరు చెప్పి ట్వీట్ చేశాడు. చాలామంది డౌన్‌లోడ్ చేశారు, స్నేహితుల్లో ఎవరెవరు వచ్చారో చూశారు, కొన్నాళ్లకు మళ్లీ వాట్సాప్‌లోనే తేలారు. సిగ్నల్‌లో లోపమేమీ లేదు, మన సీఆర్ అక్కడ లేడు, అంతే.

టెలిగ్రామ్ దారి వేరు. అది వాట్సాప్‌ను తీసేయమని అడగలేదు. వాట్సాప్‌లో 100 ఎంబీ దాటిన ఫైలు పంపడం కుదరని రోజుల్లో టెలిగ్రామ్ 2 జీబీ దాకా పంపనిచ్చింది. వాట్సాప్ గ్రూపు 256 మందితో నిండిపోతే టెలిగ్రామ్‌లో 2 లక్షల మంది పట్టేవాళ్లు. గ్రూప్స్ మెటీరియల్, గేట్ పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు, ఎవరూ బయటకు చెప్పని సినిమా ఫైళ్లు అన్నీ అక్కడికి చేరాయి. పాతదాన్ని వదలక్కర్లేకుండా, పాతది చేయలేని ఒక్క పని చేసి పెడితే విద్యార్థి ఇంకో యాప్‌కు చోటిస్తాడు. 2022లో వాట్సాప్ కూడా 2 జీబీ ఫైళ్లను అనుమతించింది కానీ, అప్పటికే మెటీరియల్ కాపురం మారిపోయింది.

ఉచితంగా ఇస్తే చాలదా? జియో విషయంలో జరిగింది అదే కదా?

ఉచితం తలుపు తెరుస్తుంది. లోపల ఉండాలా వద్దా అన్నది వేరే సంగతి.

2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. డిసెంబర్ దాకా కాల్స్, డేటా ఉచితమన్నారు, తర్వాత 2017 మార్చి 31 దాకా పొడిగించారు. అంతకుముందు 1 జీబీ డేటాకు రూ.250 అటూ ఇటూగా పెట్టి, దాన్ని నెలంతా పొదుపుగా వాడుకునేవాళ్లం. సిమ్ కోసం స్టోర్ల ముందు క్యూ కట్టినవాళ్లలో కాలేజీ పిల్లలే ఎక్కువ కనిపించేవాళ్లు. 170 రోజుల్లో 10 కోట్ల మంది చేరారని కంపెనీ 2017 ఫిబ్రవరిలో ప్రకటించింది.

అయితే అందులో ఉచితంతో పాటు ఇంకో రెండు సంగతులున్నాయి. ఆధార్, వేలిముద్రతో సిమ్ త్వరగా యాక్టివేట్ అయ్యేది, ఫొటోలు, జిరాక్సుల బాధ తప్పింది. రెండోది, జియోలో కాల్స్ 4జీ మీదే నడిచేవి కాబట్టి దానికి తగ్గ ఫోన్ ఉండాలి. 3జీ ఫోన్ ఉన్నవాడికి ఉచిత సిమ్ ఇచ్చినా లాభం లేదు. చేతిలో ఏ ఫోన్ ఉందన్నదే అక్కడ గేటు.

ఉచితం అయిపోయాక ఏమైంది? జనం డబ్బు కట్టి ఉండిపోయారు, ఎందుకంటే ఆ ఆర్నెల్లలో రోజూ వీడియో చూడటం అలవాటైపోయింది. 2024 జులైలో ధరలు పెరిగి, రోజుకు 2 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ రూ.299 నుంచి రూ.349 అయినప్పుడు, కొందరు బీఎస్‌ఎన్‌ఎల్‌కు పోర్ట్ పెట్టారు. తిట్టుకుంటూనే అదే రీఛార్జ్ చేసుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువ. ఉచితం రోజుల్లో ఎంతమంది చేరారన్న లెక్కకంటే, మొదటి బిల్లు వచ్చిన నెలలో ఎంతమంది మిగిలారన్న లెక్కే ఎక్కువ చెబుతుంది.

నోట్ల రద్దు వల్లే విద్యార్థులు యూపీఐకి మారారంటారు. నిజమేనా?

కొంత నిజం. బ్యాంకుల యూపీఐ యాప్‌లు 2016 ఆగస్టు చివర్లో వచ్చాయి, నోట్ల రద్దు నవంబర్ 8న, భీమ్ యాప్ డిసెంబర్ 30న. ఆ నవంబరులో దేశం మొత్తం మీద జరిగిన యూపీఐ లావాదేవీలు 3 లక్షల లోపే, డిసెంబరులో సుమారు 20 లక్షలు. పెరుగుదల పెద్దదే. కానీ నెలకు 100 కోట్ల లావాదేవీలు దాటింది 2019 అక్టోబరులో, 1000 కోట్లు దాటింది 2023 ఆగస్టులో. నోట్లు మళ్లీ చేతికి వచ్చి ఏళ్లు గడిచాక వచ్చిన పెరుగుదల అది. దాన్ని నోట్ల కొరత ఖాతాలో వేయలేం.

హాస్టల్ పిల్లలకు అసలు ఉపయోగం వేరే చోట ఉంది. నాన్న ఊళ్లో బ్యాంకుకు వెళ్లి ఖాతాలో వేయడం, వీడు ఏటీఎం దగ్గర నిలబడటం, అందులో డబ్బు లేకపోతే ఇంకో ఏటీఎం వెతకడం, ఇదంతా పోయింది. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి "నాన్నా, ఓ ఐదొందలు కొట్టు" అంటే ఫోన్ పెట్టేలోపు డబ్బు పడుతుంది. నలుగురు కలిసి బిర్యానీ తింటే ఒకడు ఇచ్చేసి మిగతావాళ్లు వాడికి పంపేస్తారు. చిల్లర లేదనే సాకు కూడా పోయింది, అప్పు ఎగ్గొట్టేవాళ్లకు ఇది నష్టమే.

ఇంకోటి, అది కళ్లముందే జరుగుతుంది. టీకొట్టు మీద క్యూఆర్ స్టిక్కర్, డబ్బు పడగానే గట్టిగా అరిచే స్పీకర్ పెట్టె. 2024లో ఫోన్‌పే ఆ స్పీకర్లలో మహేశ్‌బాబు గొంతు కూడా పెట్టింది. పక్కవాడు ఎలా కట్టాడో చూసి, విని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి తరగతి గది ఉండదు. స్క్రాచ్ కార్డుల మోజు మొదటి ఏడాది రెండేళ్లు పనిచేసింది. ఇప్పుడు "బెటర్ లక్ నెక్స్ట్ టైమ్" చూసి ఎవరూ బాధపడటం లేదు, యాప్ మాత్రం ఫోన్లోనే ఉంది.

సొంత బ్యాంకు ఖాతా లేని విద్యార్థుల సంగతేంటి?

2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ వాళ్లకు పనికొస్తుంది. అమ్మ ఖాతా నుంచే పిల్లలు తమ ఫోన్‌తో కట్టవచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు రూ.15,000 దాకా, ఒక్కసారికి రూ.5,000 దాకా. ఎంత ఖర్చయిందో అమ్మకు తెలిసిపోతుంది, పిల్లలు దీనికి ఎగబడకపోవడానికి కారణం కూడా అదే.

మా కాలేజీ యాప్‌ను ఎవరూ వాడటం లేదు. ఏం చేయాలి?

ముందు ఒక ప్రశ్న. ఆ యాప్‌లో ఉన్నది, వాట్సాప్ గ్రూపులో ముందే రావడం లేదా? వస్తుంటే ఇక ఎవరు తెరుస్తారు? అటెండెన్స్ పర్సంటేజీ ఒక్కటే యాప్‌లో ఉండి, అది కూడా నెలకోసారి అప్‌డేట్ అయితే విద్యార్థి నెలకోసారే వస్తాడు. డిటెన్షన్ భయం ఉన్న నెలలో ఇంకోసారి వస్తాడు.

తర్వాత చూడాల్సింది లాగిన్. హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఓటీపీ, కొత్త పాస్‌వర్డ్, అందులో ఒక పెద్దక్షరం, ఒక గుర్తు. ఓటీపీ వెళ్లేది అడ్మిషన్ రోజున ఇచ్చిన నాన్న నంబరుకు. నాన్న పొలంలో ఉంటాడు. అక్కడితో సరి. యాప్ డిజైన్ గురించి సెమినార్లు పెట్టేకంటే ఈ ఒక్క నంబరు మార్చుకునే వీలు ఇస్తే ఎక్కువ మంది వస్తారు.

మూడోది, ఫోన్లో చోటు. 64 జీబీ ఫోన్ నిండిపోతే మొదట తీసేసేది కాలేజీ యాప్‌నే, ఇన్‌స్టాగ్రామ్‌ను కాదు. అందుకే కొత్త యాప్ చేయించే బదులు, వాళ్లు అప్పటికే ఉన్నచోటికి సేవను తీసుకెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో మొదలుపెట్టిన "మన మిత్ర" ఆ పనే చేసింది. ఆ ఫిబ్రవరిలో ఇంటర్ హాల్ టికెట్లు వాట్సాప్‌లోనే వచ్చాయి. కాలేజీ చుట్టూ, నెట్ సెంటర్ చుట్టూ తిరిగే పని తగ్గింది. హైదరాబాద్ మెట్రో 2022లోనే వాట్సాప్‌లో టికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ రెండు చోట్లా కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేదు.

తప్పనిసరి చేసేస్తే సరిపోదా?

డౌన్‌లోడ్ లెక్క పెరుగుతుంది. వాడకం పెరుగుతుందని చెప్పలేం. లొకేషన్ చూసి అటెండెన్స్ వేసే యాప్ పెడితే, తన ఫోన్ స్నేహితుడి బ్యాగులో పంపి తాను రూమ్‌లో పడుకునే విద్యార్థి ఉంటాడు. టెక్నాలజీని వాడటంలో వాడు మీకంటే ఒక అడుగు ముందున్నాడు.

ఫోన్ కొనేది విద్యార్థి కాదు కదా. ధర ప్రభావం ఎలా ఉంటుంది?

చాలా సర్వేలు దాటేసే ప్రశ్న ఇది. "నేను వచ్చే ఆర్నెల్లలో కొత్త ఫోన్ కొనాలనుకుంటున్నాను" అన్న వాక్యానికి "పూర్తిగా అంగీకరిస్తున్నాను" అని టిక్ పెట్టిన పిల్లవాడి జేబులో ఆ డబ్బు ఉండదు. నిర్ణయం ఇంట్లో జరుగుతుంది. ఎంసెట్‌లో ర్యాంకు వస్తే కొంటామన్న మాట, దసరా ఆఫర్లు, బాబాయి క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ, అన్నయ్య కొత్తది కొంటే తమ్ముడికి వచ్చే పాతది, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. అందుకే ఒకే క్లాసులో ఒకడి దగ్గర కొత్త ఐఫోన్, ఇంకొకడి దగ్గర మూడు చేతులు మారిన ఫోన్ ఉంటాయి. ఇద్దరి ఆసక్తీ ఒకటే కావచ్చు.

మన దగ్గర ఫోనే మొదటి కంప్యూటర్ అన్నది కూడా మరవొద్దు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 10.7 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు 23.8 శాతం. అప్పటికీ ఇప్పటికీ మార్పు ఉన్నా, డిగ్రీ కాలేజీల్లో అసైన్‌మెంట్‌ను ఫోన్లోనే టైపు చేసి, పీడీఎఫ్ చేసి, జిరాక్స్ షాపు వాట్సాప్ నంబరుకు పంపి ప్రింటు తీసుకునేవాళ్లు ఇంకా చాలామంది. వాళ్లకు పెద్ద స్క్రీన్, బ్యాటరీ, స్టోరేజీ షోకులు కావు.

అమ్మాయిలకు, అబ్బాయిలకు తేడా ఉంటుందా?

ఉంటుంది. అది ఆసక్తిలో ఉన్న తేడా కాదు, అనుమతిలో ఉన్న తేడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. అదే ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 48.8 శాతం. యూనివర్సిటీకి వచ్చిన అమ్మాయిల్లో వాడకం ఇంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది కానీ, వాళ్లు వచ్చింది ఆ ఇళ్ల నుంచే. ఫోన్ ఎప్పుడు ఇవ్వాలి, పాస్‌వర్డ్ ఎవరికి తెలియాలి, డీపీలో ఫొటో ఉండాలా వద్దా అన్నవి ఇంట్లో వేరేవాళ్లు తేల్చే విషయాలుగానే ఉంటున్నాయి.

హాస్టళ్లదీ అదే తీరు. కేరళలో ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్ వాడకూడదన్నారు. ఒప్పుకోని విద్యార్థినిని బయటకు పంపారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు హక్కు, విద్యాహక్కులోనూ వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమేనని 2019 సెప్టెంబరులో కోర్టు తీర్పు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. ప్రాజెక్టు రిపోర్టులో "జెండర్" అని ఒక కాలమ్ పెట్టి, సగటుల్లో తేడా లేదని రాసి ముగించేవాళ్లు ఈ తీర్పు ఒకసారి చదవాలి.

యాప్ తెలుగులో ఉంటే ఎక్కువ మంది వాడతారా?

విద్యార్థుల వరకు, నేను చూసినంతలో, అది మొదటి కారణం కాదు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు కూడా ఫోన్ సెట్టింగ్స్ ఇంగ్లిష్‌లోనే ఉంచుకుంటారు. యాప్‌లలో పెట్టే తెలుగు చాలాసార్లు యంత్రం చేసిన అనువాదం. ఇంగ్లిష్‌లో "సబ్మిట్" అంటే అందరికీ అర్థమయ్యేదాన్ని "సమర్పించు" అనేసరికి గుళ్లో ఉన్నామా అనిపిస్తుంది.

తెలుగు పనిచేసేది ఇంకోచోట. ఎలా వాడాలో చెప్పే యూట్యూబ్ వీడియో తెలుగులో ఉండాలి. స్కాలర్‌షిప్ ఫామ్, తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ రిజిస్ట్రేషన్, సిమ్ పోర్ట్, ఏదైనా సరే, కంపెనీ ఇచ్చిన హెల్ప్ పేజీ ఎవరూ చదవరు. "ఫ్రెండ్స్, ఈరోజు వీడియోలో" అని మొదలయ్యేదాన్ని చూసి చేసేస్తారు.

కొవిడ్ ఆన్‌లైన్ క్లాసులు అలవాటు మార్చాయా?

కొంత. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక జూమ్, గూగుల్ మీట్ తెలియని విద్యార్థి లేడు. వీడియో ఆఫ్ చేసి పడుకోవడం తెలియని విద్యార్థీ లేడు. కాలేజీలు తెరవగానే ఆన్‌లైన్ క్లాసులు అడ్రస్ లేకుండా పోయాయి. యూట్యూబ్‌లో పరీక్ష ముందురోజు "వన్ షాట్" వీడియో చూడటం, నోట్స్ స్కాన్ చేసి పంచుకోవడం మాత్రం మిగిలాయి. మొదటిది కాలేజీ పెట్టింది, రెండోది పిల్లలు పెట్టుకున్నది.

కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఇచ్చే స్వయం కోర్సులది మధ్యదారి. 2017 నుంచి ఉన్నాయి, 2021లో యూజీసీ ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా వాటిలో చేయనిచ్చింది. క్రెడిట్లు కలుస్తాయని తెలిసిన కాలేజీల్లో చేరతారు. కలవని చోట సర్టిఫికెట్ కోసం చేరి రెండో వారంలో మానేస్తారు.

ఎంబీఏ ప్రాజెక్టుకు టామ్ తీసుకోవాలా, యూటాట్ తీసుకోవాలా?

ముందు అవేంటో చూద్దాం. జనం టెక్నాలజీని ఎందుకు వాడతారో చెప్పే నమూనాలు ఇవి. టామ్ (టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్) అన్నది ఫ్రెడ్ డేవిస్ తయారుచేసింది. 1986లో ఎంఐటీలో ఆయన పీహెచ్‌డీ పని, 1989లో వ్యాసాలుగా వచ్చింది. రెండే మాటలు: ఇది నాకు ఉపయోగపడుతుందా, వాడటం తేలికేనా. ఇందులో సరదా సంగతి ఏమిటంటే, దాన్ని పరీక్షించిన తొలి అధ్యయనాల్లో ఒకటి జరిగింది విద్యార్థుల మీదే. 107 మంది ఎంబీఏ విద్యార్థులకు ఒక వర్డ్ ప్రాసెసర్‌ను గంటసేపు పరిచయం చేసి అభిప్రాయం అడిగారు, మళ్లీ 14 వారాల తర్వాత అడిగారు. ఉపయోగం ఉందన్న నమ్మకం చివరిదాకా బలంగా నిలిచింది. తేలిక అన్న కారణం మొదట్లో కొంత పనిచేసి, పోనుపోను బలం తగ్గింది. ఫోన్ల విషయంలోనూ ఇదే చూస్తున్నాం. కష్టమైన యాప్‌ను కూడా అవసరముంటే నేర్చేసుకుంటారు. తత్కాల్ టికెట్ బుక్ చేసే పిల్లల వేళ్లు చూడండి.

2003లో వెంకటేశ్, మోరిస్, డేవిస్ తదితరులు కలిసి యూటాట్ తెచ్చారు. పనికి లాభం, పడాల్సిన శ్రమ, చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం, చేతిలో ఉన్న సౌకర్యాలు అని నాలుగు కారణాలు. అది ఆఫీసు ఉద్యోగుల కోసం చేసింది. 2012లో మామూలు వినియోగదారుల కోసం మరో మూడు కలిపారు: సరదా, పెట్టిన డబ్బుకు దక్కే విలువ, అలవాటు. హాంకాంగ్‌లో మొబైల్ ఇంటర్నెట్ వాడే 1,512 మంది మీద దాన్ని పరీక్షించారు. వాడాలన్న ఉద్దేశంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలను ఆ నమూనా 74 శాతం దాకా వివరించింది, అసలు వాడకంలో ఉన్న తేడాలను మాత్రం 52 శాతం. అనుకోవడానికీ చేయడానికీ మధ్య ఆమాత్రం ఖాళీ ఉంటుంది.

నన్నడిగితే మొబైల్ ప్రాజెక్టుకు ఆ రెండో యూటాట్ తీసుకోండి. డబ్బు, అలవాటు లేకుండా మన విద్యార్థి గురించి మాట్లాడటం కష్టం. కొత్త విషయాలు జనంలో ఎలా పాకుతాయో చెబుతూ ఎవరెట్ రోజర్స్ అనే అమెరికా పరిశోధకుడు 1962లో ప్రతిపాదించిన వ్యాప్తి సిద్ధాంతాన్ని కూడా దగ్గర పెట్టుకోండి. మొట్టమొదట పట్టుకునేవాళ్లు 2.5 శాతం, తర్వాత 13.5, ఆ తర్వాత 34, 34, చివరికి 16 అన్న విభజన అందులోదే. ఆయనకు ప్రేరణ ఇచ్చిన పరిశోధన అమెరికాలో అయోవా రైతులు హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం ఎలా అందుకున్నారన్నది. పక్క పొలం చూసి నమ్మిన రైతుకూ, పక్క బెంచీ చూసి నమ్మే విద్యార్థికీ తేడా తక్కువే.

ప్రశ్నావళి ఎలా తయారుచేయాలి?

చాలా రిపోర్టుల్లో జరిగేది ఇది: పాత పేపరులోని ఇంగ్లిష్ ప్రశ్నలు దించి, గూగుల్ ఫామ్‌లో పెట్టి, క్లాస్ గ్రూపులో పడేసి, "ప్లీజ్ ఫిల్ చేయండిరా" అంటారు. ఒక్క రాత్రిలో 150 జవాబులు వస్తాయి. అన్నీ "అంగీకరిస్తున్నాను". ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని కొలిచే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటుతుంది, గైడ్ సంతకం పెడతారు. చదవకుండా ఒకే గడిలో టిక్ పెడుతూ పోయినా ఆల్ఫా బాగానే వస్తుందని గుర్తుంచుకోండి.

దానికి బదులు కొన్ని పనులు చేయవచ్చు. ఒక ప్రశ్నను తిరగేసి అడగండి, చదవకుండా నింపినవాళ్లు బయటపడతారు. "వాడాలనుకుంటున్నారా" అని అడిగే బదులు ఫోన్లో స్క్రీన్ టైమ్ తెరిచి గతవారం లెక్క రాయమనండి. రీఛార్జ్ ఎవరు చేస్తారు, ఫోన్ ఎవరు కొన్నారు, అది కొత్తదా పాతదా అని తప్పక అడగండి. ఈ యాప్ మొదట ఎవరి ఫోన్లో చూశారు అన్న ప్రశ్న ఒక్కటి పెడితే, "సోషల్ ఇన్‌ఫ్లుయెన్స్" మీద ఐదు ప్రశ్నలు పెట్టక్కర్లేదు. ఒక ఇంజినీరింగ్ కాలేజీ, ఊరి డిగ్రీ కాలేజీ రెండూ కలపండి. మీ సెక్షన్ ఒక్కటే అడిగి "తెలంగాణ విద్యార్థులు" అని టైటిల్ పెట్టకండి. వీలైతే పదిమందితో కూర్చుని మాట్లాడండి. మానేసినవాళ్లను వెతికి మరీ మాట్లాడండి, ఎందుకంటే వాళ్లు ఏ గూగుల్ ఫామూ నింపరు.

ప్రైవసీ, మోసాల భయం విద్యార్థులను ఆపుతుందా?

సర్వేలో అడిగితే భయమే అంటారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్ట్స్, గ్యాలరీ అన్నిటికీ "అలో" కొట్టేస్తారు. కంపెనీ చూస్తుందన్న బాధకంటే, ఇంట్లోవాళ్లు చూస్తారన్న టెన్షనే వాళ్లకు ఎక్కువ.

దెబ్బ తగిలినప్పుడు మాత్రం మారతారు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తెలంగాణలో ప్రాణాలు తీశాయి, హైదరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టారు. కాంటాక్ట్స్‌కు ఇచ్చిన ఒక్క అనుమతితో బంధువులందరికీ మెసేజ్‌లు వెళ్లడం అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. యూపీఐలో డబ్బు "అడిగే" రిక్వెస్టులతో మోసాలు పెరగడంతో, వ్యక్తుల మధ్య ఆ సౌకర్యాన్ని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి తీసేసింది. భద్రతను వాడేవాడి జాగ్రత్తకు వదిలేయకుండా వ్యవస్థలోనే సరిచేస్తే మంచిదని నా ఉద్దేశం.

5జీ కోసం విద్యార్థులు ఫోన్ మార్చారా?

కొందరు. హైదరాబాద్‌లో 5జీ 2022 అక్టోబరులో ఎయిర్‌టెల్‌తో వచ్చింది, నవంబరులో జియో వచ్చింది. వేగం కంటే, "5జీ అయితే డేటా అన్‌లిమిటెడ్" అన్న మాటే ఎక్కువ పనిచేసింది. హాస్టల్లో 5జీ ఫోన్ ఉన్న ఒక్కడు గదంతటికీ హాట్‌స్పాట్ ఇచ్చేవాడు.

అమెరికా వెళ్లిన మన విద్యార్థుల అలవాట్లు ఎలా మారతాయి?

అక్కడ దిగగానే తెలుగు రూమ్మేట్ల ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైను, అద్దె పంచుకోవడానికి జెల్ అనే డబ్బు పంపే సేవ, సరుకుల లెక్కకు స్ప్లిట్‌వైజ్. ఇక్కడ కూడా ముందు వచ్చిన సీనియర్ ఏది చెబితే అదే. ఇంటికి మాత్రం వాట్సాపే.

చిక్కు సిమ్ దగ్గర వస్తుంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ స్లాట్ లేదు. ఇండియా నంబరుకు వచ్చే బ్యాంకు ఓటీపీ పోకూడదు కాబట్టి, బయల్దేరే ముందే ఆ నంబరును ఈ-సిమ్‌గా మార్చుకోవాలి, అప్పుడప్పుడూ రీఛార్జ్ చేస్తూ ఉండాలి. ఈ-సిమ్ అంటే ఆసక్తితో మారినవాళ్లు నాకు తగల్లేదు, స్లాట్ లేక మారినవాళ్లే. 2023 నుంచి అమెరికా సహా 10 దేశాల ఫోన్ నంబర్లతో, ప్రవాస భారతీయులకిచ్చే ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ బ్యాంకు ఖాతా ఉంటే యూపీఐ వాడుకోవడానికి వీలిచ్చారు.

చాట్‌జీపీటీ, జెమిని లాంటివి ఇంత వేగంగా ఎలా పాకాయి?

అన్ని కారణాలూ ఒకేసారి కలిశాయి. ఉపయోగం ఆ రాత్రే కనిపిస్తుంది, అసైన్‌మెంట్ అయిపోతుంది. నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా అర్థం చేసుకుంటుంది. పక్కవాడు వాడి మార్కులు తెచ్చుకున్నాడు. 2025లో ధర కూడా సున్నా అయింది: ఎయిర్‌టెల్ వినియోగదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఉచితం, జియోలో మొదట 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు జెమిని ప్రో 18 నెలలు ఉచితం, నవంబర్ నుంచి చాట్‌జీపీటీ గో ఏడాది ఉచితం. వయసు చూసి మరీ ఇచ్చారంటే ఎవరి అలవాటు మీద పెట్టుబడి పెడుతున్నారో తెలుస్తూనే ఉంది. 2016లో జియో నడిచిన దారే ఇది. మంచి ప్రాజెక్టు టాపిక్ కావాలంటే ఇప్పుడే ఒక జాబితా రాసుకుని, ఉచిత గడువు ముగిశాక అదే విద్యార్థులను మళ్లీ అడగండి.

మా అబ్బాయి రెండేళ్లకే కొత్త ఫోన్ కావాలంటున్నాడు. కొనాలా?

ఎందుకో అడగండి. "స్లో అయింది" అంటే స్టోరేజీ చూడండి, వాట్సాప్ వీడియోలు తీసేస్తే సగం సమస్య పోతుంది. ఛార్జింగ్ నిలవకపోతే సర్వీస్ సెంటర్లో బ్యాటరీ మార్పించండి, కొత్త ఫోన్ ధరలో అది చిన్న భాగం. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి, బ్యాంకు యాప్‌లు పనిచేయడం లేదంటే మార్చాల్సిందే. బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ అయితే ఆ డబ్బు లాప్‌టాప్‌కు పెట్టండి, ఫోన్లో కోడింగ్ సాగదు. క్లాసులో అందరి దగ్గరా కొత్త ఫోన్ ఉందన్నదే కారణమైతే, వాళ్ల ఫోన్లలో సగం ఈఎంఐ మీద ఉన్నాయని చెప్పి చూడండి. ఒప్పుకుంటాడని మాత్రం నేను హామీ ఇవ్వలేను.